ప్రమాదపు బండికి మూడింతల భరోసా

కొండదారుల రాజ్యంలో బండి తోలేవాళ్లంతా ఏటా భరోసా రుసుము కట్టాలి. బండి బోల్తాపడితే నష్టం పూడ్చే పూచీ కోశాధికారి విరూపాక్షయ్యది.

ఒక వానాకాలం దారి కుంగి నాంచారమ్మ బండి బోల్తాపడింది. ఆమె తప్పేమీ లేకపోయినా, విరూపాక్షయ్య ఆమె పేరును ప్రమాదపు బండ్ల పట్టీలో రాయించాడు.

"ఇకనుంచి నువ్వు మూడింతలు కట్టాలి" అన్నాడు.

కట్టకపోతే బండిని దారెక్కనివ్వరు. నాంచారమ్మ పళ్లు బిగబట్టి మూడేళ్లు కట్టింది.

మూడో ఏటి రుసుము కట్టిన కొన్నాళ్లకే కొండచరియ విరిగిపడి ఎద్దు చచ్చింది, బండి నుగ్గయింది. పరిహారం అడిగితే విరూపాక్షయ్య నవ్వాడు.

"నువ్వు మళ్లీ పడతావని మాకు ముందే తెలుసు. తెలిసిన నష్టానికి భరోసా వర్తించదు, పో!"

నాంచారమ్మ విరిగిన కాడిని భుజాన వేసుకుని నేరుగా సభకు వెళ్లి, రాజుగారి ముందు దభీమని పడేసింది.

"ప్రభూ, నేను పడతానని ఈయనకు ముందే తెలుసట! తెలిస్తే, పైసా ఇవ్వకూడదని అనుకుంటూనే మూడేళ్లు నా సొమ్ము తీసుకున్నాడు. అది దొంగతనం. తెలియకపోతే, ఇప్పుడు అబద్ధమాడి నా పరిహారం ఎగ్గొడుతున్నాడు. అదీ దొంగతనమే. ఏ దొంగతనం చేశాడో ఆయన్నే చెప్పమనండి!"

రాజు విరూపాక్షయ్య వైపు చూశాడు.

"ఎద్దుకు ఎద్దు, బండికి బండి ఇవ్వు. అదనంగా గుంజిందీ తిరిగివ్వు" అన్నాడు రాజు.

నాంచారమ్మ కోపం చల్లారలేదు.

"ఆ పట్టీలో ఉన్నది నా పేరొక్కటే కాదు ప్రభూ" అంటూ వాకిలి వైపు చెయ్యి చూపింది.

అక్కడ అరవైమంది బండివాళ్లు విరిగిన చక్రాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.