జంట సాళ్ళూ మిషన్ ముక్కూ

ఎర్రవాగుపాలెంలో దొండపాటి వాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు. దొండపాటి వాళ్ళే అన్నారు.

పెద్దవాడు కోటిలింగం, అతని భార్య అంకమ్మ, తమ్ముళ్ళు ఆదిశేషు, పోలయ్య. నలుగురిదీ ఒకటే మాట. "ఎదుటివాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. సొంత బుర్ర వాడితే అరిగిపోతుంది" అనేవాళ్ళు. వాళ్ళ నాలుగు బుర్రలూ కొన్ననాటి కొత్తదనంతోనే ఉండేవి.

ఒకసారి కోటిలింగానికి జొరమొస్తే డాక్టరు, "భోజనానికి ముందు ఈ మాత్ర వేసుకో" అన్నాడు. అంతే, రోజూ కంచానికి ముందు ఒక మాత్ర వేసుకుని, దాన్నే చూస్తూ భోంచేశాడు. అయిదో రోజుకి జొరం దానంతటదే పోయింది.

"మంచి డాక్టరు. మాత్ర చూస్తేనే తగ్గిపోయింది" అన్నాడు కోటిలింగం.

అలాంటి ఇంటికి ఆ ఏడు వ్యవసాయం ఆఫీసరమ్మ వచ్చింది. "ఈసారి మొక్కజొన్న జంట సాళ్ళుగా వెయ్యండి" అంది. "రెండు సాళ్ళు దగ్గర దగ్గరగా, మధ్యలో జానెడు ఎడం. తరవాత రెండడుగులు వదిలి మళ్ళీ రెండు సాళ్ళు. మొక్కలు ఎక్కువ పడతాయి, గాలీ వెలుతురూ బాగా తగులుతుంది."

ఆవిడ జీపు మలుపు తిరిగిందో లేదో, ఇంట్లో గొడవ మొదలైంది. జానెడంటే ఎవరి జానెడు? ఆదిశేషు జాన పెద్దది. పోలయ్య జాన చిన్నది. "నీది జానే కాదురా, బెత్తెడు" అన్నాడు ఆదిశేషు. పోలయ్య చిన్నబుచ్చుకుని ఒక పూట అన్నం మానేశాడు. చివరికి ఇంటికి పెద్దవాడి జానే జాన అని తేల్చారు.

ఇంకేముంది, రెండెకరాలూ కోటిలింగం నేల మీద పాకుతూ, చెయ్యి పరుస్తూ పోయాడు. ఆ చేతికి అటొక గింజ ఆదిశేషు, ఇటొక గింజ పోలయ్య వేశారు. ఆరు రోజులు పట్టింది. ఆ తరవాత పదిహేను రోజులు కోటిలింగం చెయ్యి ముడుచుకోలేదు. దారిలో ఎదురైనవాళ్ళు, తమనే పలకరిస్తున్నాడనుకుని వాళ్ళూ చెయ్యి ఊపేవాళ్ళు.

మొక్కలు మోకాలెత్తు లేచాక అంకమ్మ, జంటలు కదా అని, సాలు మొదట్లో పసుపుతాళ్ళు కట్టుకుంటూ పోయింది. ఏది పెళ్ళికూతురో తెలియక రెండిటికీ కట్టింది.

ఇన్ని చేసినా పంట బ్రహ్మాండంగా వచ్చింది. కంకులు మోచేతి పొడుగున దిగాయి. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి పోయేవాళ్ళు.

తీరా కంకులు ఎండి కోతకొచ్చేసరికి సముద్రంలో వాయుగుండమన్నారు. రేపు సాయంత్రానికల్లా గట్టి వానన్నారు. కూలీలు చూస్తే అందరూ మిరపకాయ కోతలకి పోయారు. చేలో నిలబడి తడిస్తే పంట నేలకొరిగిపోతుంది, కంకుల మీదే మొలకలొస్తాయి. ఆ ఇంటికి ఏడాది తిండి అదే. అంకమ్మ ఏడ్చుకుంటూ పక్కూళ్ళో ఉన్న తన అన్న బాపయ్యకి ఫోను చేసింది. ఆయనకి మొక్కజొన్న కోసే మిషన్ ఉంది. తెల్లారేసరికి దాన్ని డ్రైవరు ఏసోబుకిచ్చి పంపాడు.

ఆ మిషన్ ముందు భాగాన్ని తల అంటారు. తలకి బల్లేల్లాంటి మూడు ముక్కులు. ముక్కుకీ ముక్కుకీ మధ్య సందులోంచి ఒక సాలు లోపలికి పోతే, అక్కడ తిరిగే గొలుసులు మొక్కని లాక్కుని కంకి తుంచుకుంటాయి. విడివిడి సాళ్ళ చేలకి చేసిన మిషన్ అది. జంట సాళ్ళ సంగతి దానికి తెలియదు.

ఏసోబు పది గజాలు నడిపి ఆపేశాడు. దిగి వంగి చూశాడు.

"అబ్బే, లాభం లేదండీ. జంటలో ఒక సాలే లోపలికి పోతోంది. రెండోది పడి నలిగిపోతోంది. ముక్కు అడ్డమొస్తోంది. పక్కకి తియ్యాలి" అన్నాడు.

ఎదురుగా నిలబడ్డ పోలయ్య తన ముక్కుని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి తిప్పాడు. "ఇప్పుడు పోనీ" అన్నాడు.

"మీది కాదండీ, మిషన్ ముక్కు."

"ముందే చెప్పాలిగా" అన్నాడు పోలయ్య, ముక్కు వదలకుండానే.

ఏసోబు నెమ్మదైన మనిషి. చేలోకి చూశాడు, మబ్బుకేసి చూశాడు. "ఈ ముక్కుల పక్కలు కోసి సన్నం చేస్తే సందు వెడల్పవుతుంది. అప్పుడు జంటకి జంటా ఒకే నోట్లోకి పోతుంది. టౌనుకెళ్ళి వెల్డింగు సామాను తెస్తాను. సాలుకీ సాలుకీ ఎడమెంతో ఒక పుల్ల విరిచి ఇవ్వండి" అన్నాడు.

ఆదిశేషు కందిపుల్ల తెచ్చి, అన్నయ్య జానకి సరిగ్గా వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాడు. విరిచి ఇవ్వమన్నాడు కదా అని, దాన్ని మధ్యకి విరిచి రెండు ముక్కలూ ఇచ్చాడు. ఏసోబు రెండూ కలిపి దారంతో కట్టి జేబులో పెట్టుకున్నాడు.

మోటారుసైకిలెక్కి, పోతూ పోతూ మూడు మాటలు చెప్పాడు. "నేనొచ్చేలోపు తల కిందికి దించి ఉంచండి. గొలుసు తీసి కిరసనాయిల్లో నానబెట్టండి. మిషన్ మీద ఓ కన్నేసి ఉంచండి."

"తల, గొలుసు, కన్ను" అని ఆదిశేషు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. "మూడూ మన దగ్గరున్నవే."

అంతే, ముగ్గురన్నదమ్ములూ గట్టు మీద వరసగా కూర్చుని తలలు దించేశారు. ఓ కన్నే వెయ్యమన్నాడు కాబట్టి రెండో కన్ను అరచేత్తో మూసుకున్నారు. దించిన తలతో మిషన్ మీద కన్ను వెయ్యడం చాలా కష్టం. కిందనుంచి దాని చక్రం అంచు మాత్రం కనపడుతోంది. దాన్నే చూస్తూ కూర్చున్నారు.

అంకమ్మ మెళ్ళోంచి పుస్తెల గొలుసు తీసి కిరసనాయిలు డబ్బాలో వేసింది.

"తియ్యొచ్చంటావా, ఏమయ్యా?" అని అడిగింది.

"నేనిక్కడే ఉన్నాగా" అన్నాడు కోటిలింగం నేలతో.

రెండు గంటలు గడిచాయి. పక్క చేని నాగరత్తమ్మ నెత్తిన గడ్డిమోపుతో ఆ దారిన వచ్చింది. గట్టు మీద ముగ్గురు తలలు వేలాడేసుకుని, కళ్ళకి చేతులడ్డం పెట్టుకుని ఉన్నారు. మొహాలు కనపడటంలేదు. అంకమ్మ మెడ బోసిగా ఉంది.

"అంకమ్మా! మెళ్ళో గొలుసేదే?"

"తీసేశానక్కా. తియ్యమన్నారు."

"మరి... మీ ఆయన?"

"పొద్దున్నే తల వాల్చేశాడక్కా. ఇంకెత్తడు."

ఏసోబు వచ్చేదాకా ఎత్తడని అంకమ్మ మాట పూర్తిచేసేసరికి అక్కడ గడ్డిమోపే ఉంది. నాగరత్తమ్మ లేదు. ఊళ్ళోకి పరిగెడుతూ ఆవిడ పెట్టిన కేక చేలన్నిటా వినపడింది.

పోలయ్య ఆ కేక విన్నాడు. "అన్నయ్యా, ఎవరో పోయారంట."

"ఎవర్రా?"

"కోటిలింగమంట."

కోటిలింగం కాసేపు ఆలోచించాడు. "మన కోటిలింగమేనా?"

"ఊళ్ళో ఇంకో కోటిలింగం లేడుగా."

"ఎప్పుడంట?"

"పొద్దున్నేనంట."

"అయ్యయ్యో. నాతో ఒక్క మాటైనా అనలేదే!" అని కోటిలింగం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తెరిచిన కంట్లోంచే పెట్టుకున్నాడు. రెండోదానికి ఏసోబు ఏ పనీ చెప్పలేదు.

"వెళ్ళి ఒకసారి చూసొద్దామా?" అన్నాడు ఆదిశేషు.

"ఎలా వెళ్తాంరా, తల ఎత్తకూడదుగా" అన్నాడు కోటిలింగం. ముగ్గురూ కూర్చున్నచోటే ఏడ్చారు. వాళ్ళు ఏడుస్తుంటే చూడలేక అంకమ్మ కూడా ఏడ్చింది. ఎవరు పోయారని ఆవిడ అడగలేదు. ఇంటికి పెద్దవాళ్ళు ఏడుస్తున్నారు, అది చాలు.

ఇంకేముంది, గంటలో నలభైమంది వచ్చారు. ఇద్దరు దండలు తెచ్చారు. ఒకాయన వెదురు బొంగులు తెచ్చాడు. మిరపచేలల్లో కూలీలు కోతలాపి వచ్చేశారు. కోటిలింగమంటే ఊరికి ఇష్టమే. ఆడవాళ్ళు అంకమ్మ చుట్టూ చేరి మొదలుపెట్టారు. మగవాళ్ళు ఆదిశేషు భుజం తట్టారు, పోలయ్య భుజం తట్టారు, వరసలో ఉన్నాడు కదా అని కోటిలింగం భుజం కూడా తట్టారు. "ధైర్యంగా ఉండాలి" అన్నారు. "అలాగే" అన్నాడు కోటిలింగం.

చివరికి బాపయ్య ఆటోలో దిగాడు. చెప్పుల్లేవు, పైపంచె లేదు. "బావా! నన్నొదిలి పోయావా బావా!" అని గుండెలు బాదుకుంటూ వచ్చి గట్టు మీద కూలబడ్డాడు.

"ఊరుకో బావా" అన్నాడు పక్కనుంచి కోటిలింగం.

బాపయ్య వంగి, ఆ మొహంలోకి తొంగి చూశాడు. ఒక కన్ను ఆయన్ని చూసింది.

"బావా... నువ్వు ఉన్నావా?"

"ఉన్నట్టే ఉంది బావా. కానీ ఇంతమంది పనులు మానుకుని వచ్చారు. కాదంటే బావుండదని ఊరుకున్నా."

బాపయ్య అతన్ని కావిలించుకుని ఇంకాస్త ఏడ్చాడు. సరిగ్గా అప్పుడే ఏసోబు ట్రాలీ మీద వెల్డింగు సామాను వేసుకుని వచ్చాడు. జనాన్ని చూశాడు. దండలు చూశాడు. ఎత్తిన తల ఎత్తినట్టే ఉన్న మిషన్ని చూశాడు. కిరసనాయిలు డబ్బాలో వేలుపెట్టి పుస్తెల గొలుసు పైకి తీశాడు. డబ్బా పక్కనే కాసేపు కూర్చున్నాడు.

"తప్పు నాదేనండీ. మిషన్ తల అనాలి. మిషన్ గొలుసు అనాలి" అన్నాడు.

ఇక టైము లేదు. మిషన్ తల దించాడు. మిషన్ గొలుసు తీసి తనే కడిగాడు. ముక్కులు విప్పి నేల మీద పెట్టి, బాపయ్య వైపు చూశాడు. కోస్తే మళ్ళీ అతకడం కష్టం. మిషన్ ఆయనది.

"కొయ్యరా! మా బావ బతికున్నాడు, ముక్కులదేముంది!" అన్నాడు బాపయ్య.

నిప్పురవ్వలు లేచాయి. ఏసోబు ఒక్కో ముక్కుకీ పక్కలు చెక్కేసి, అంచు లోపలికి వంచి అతికాడు. దారం కట్టిన కందిపుల్లని సందులో అడ్డంగా పెట్టి చూశాడు. పుల్ల పట్టింది, పైన రెండు వేళ్ళు కూడా పట్టాయి. మూడు గంటలకి ఇంజను మోగింది. మిషన్ చేలోకి దిగింది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో నలభైమందీ గట్టు మీద నిలబడి చూశారు. రెండు సాళ్ళూ పక్కపక్కన తలలు వంచి, సన్నటి ముక్కుల మధ్యకి దూరి, ఒకే నోట్లోకి పోయాయి. ఒక్క మొక్క పక్కకి పడలేదు. వెనక కంకులు టపటపా రాలాయి.

"పోతున్నాయి! పోతున్నాయి!" అని బాపయ్య గంతులేశాడు. అవతలి గట్టు మీద అప్పుడే వచ్చినావిడ ఎవరో ఆ మాట విని మళ్ళీ ఏడుపందుకుంది. ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికి కొంతసేపు పట్టింది.

ఎలాగూ వచ్చాం కదా అని జనం కూడా చేలోకి దిగారు. పొద్దున నలిగిన సాళ్ళలో కంకులు చేత్తో విరిచి బుట్టలకెత్తారు. అయిదు గంటలకల్లా రెండెకరాలూ అయిపోయింది. కళ్ళంలో గుడిసెంత కుప్ప లేచింది. అంకమ్మ ఆ కుప్పకి దణ్ణం పెట్టింది.

ఈశాన్యం పూర్తిగా నల్లబడింది. జనం ఎవరి చేలకి వాళ్ళు పరిగెత్తారు. దారి బురదవకముందే మిషన్ ఇల్లు చేరాలి. బాపయ్య పక్కకెక్కి కూర్చున్నాడు. ఏసోబు ఇంజను హోరులో వెనక్కి తిరిగి, ఒక్కో మాటా విడదీసి అరిచాడు.

"వానొచ్చేలోపు! కుప్ప మీద! పట్టా కప్పండి!"

ఈసారి తికమకపడ్డానికి ఏమీ లేదనుకుని వెళ్ళిపోయాడు.

"పట్టా ఎక్కడుంది?" అన్నాడు కోటిలింగం.

"ఇనప్పెట్టెలో. తాత నాటి పొలం పట్టా" అన్నాడు పోలయ్య. అంటూనే ఇంటికి పరుగు. రొప్పుకుంటూ తెచ్చాడు. పసుపు పచ్చబడ్డ కాగితం, కింద ఎర్ర ముద్ర. నిచ్చెన వేసి కుప్ప మీదికెక్కి జాగ్రత్తగా పరిచారు. ఆరు కంకుల మేర కప్పింది.

"చిన్నదిగా ఉందే అన్నయ్యా" అన్నాడు ఆదిశేషు.

"నోరుముయ్యి. రెండెకరాల పొలానికి సరిపోయిన పట్టారా అది. ఈ కుప్పెంత?" అన్నాడు కోటిలింగం. ఆ మాటకి తిరుగులేదు. ఆదిశేషు నోరుముయ్యడమే కాదు, పైన చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నాడు.

మొదటి చుక్క వచ్చి కాగితం మీద, సరిగ్గా ముద్ర పక్కన పడింది.

అంకమ్మకి గుండె ఆగినంత పనయింది. "ఏమయ్యా! పట్టా తడిసి అక్షరాలు పోతే పొలం ఎవరిదవుతుంది?"

నిజమే. ఆ సంగతి ఏసోబుకి తట్టలేదు. తమకి తట్టింది. నలుగురూ పరుగున పాకలోకి పోయి, దూలానికి వేలాడుతున్న కొత్త నీలం టార్పాలిన్ బరకం దించారు. పరిస్తే అలాంటి కుప్పలు రెండు కప్పుతుంది. దాన్ని నేల మీద పరిచి సగానికి మడిచారు. మళ్ళీ సగానికి. మళ్ళీ సగానికి. పట్టా కాగితమంత అయ్యేదాకా మడిచి, పైకెక్కి దాని మీద అంచుకి అంచు కలిపి పెట్టి, గాలికి పోకుండా ఒక రాయి కూడా పెట్టారు.

వాన దంచి కొట్టింది. కంకులన్నీ తడిసి ముద్దయ్యాయి. తరవాత పదిహేను రోజులు నలుగురూ వాటిని ఎండలో తిరగేసి తిరగేసి ఆరబెట్టుకున్నారు. సగానికి సగం దక్కాయి.

పట్టా మీద మాత్రం ఆ తరవాత ఒక్క చుక్క పడలేదు. అడిగినవాళ్ళకల్లా తీసి చూపించారు.