చెమట మిద్దె గాదెమ్మ

గుండ్లవంక దాటి ఎర్రమిట్ట ఎక్కగానే భక్తులకు కనిపించేది ఒక రైతు ఇల్లు. గుడి ఎక్కడని కొత్తవారు చుట్టూ వెతుక్కోవడం మామూలే. గాదెమ్మ తల్లి గుడి ఆ మిద్దే. రాయీ మట్టీ కలిపి మూరన్నర మందాన కట్టిన గోడలు, వేపదూలాల మీద పరచిన మట్టికప్పు. తలుపు తీయగానే పడసాలలో ఎద్దుల గాడి ఉంటుంది. దాని వెనుక మెట్టెత్తున మనుషుల గది, ఆ వెనుక చీకటి గది. కప్పులో విడిచిన రంధ్రం, అంటే గవాచి, గుండా పడే వెలుతురే అక్కడ దీపం. ఆ గదిలోనే గోడను ఆనుకుని ధాన్యపు గాదె, గోడ గూటిలో పసుపు పూసిన రాయిగా అమ్మవారు. దర్శనానికి ఎద్దులను దాటుకునే వెళ్లాలి. తోక విసురు తగిలితే దీవెన అనుకోమని పూజారమ్మ చెబుతుంది.

ఇంత చల్లని ఇంటికి చెమట మిద్దె అనే పేరేమిటని అందరూ అడుగుతారు.

పూర్వం ఇక్కడ సుంకన్న, ఎల్లక్క అనే దంపతులు కాపురముండేవారు. పూర్వమంటే రాజుల కాలమేమీ కాదు, ఈ మిట్ట మీదికి సిమెంటు మూటలు మొదటిసారి బండెక్కి వచ్చిన కాలం. ఊరివారంతా విత్తనపు జొన్నలను అమ్మవారి గాదెలోనే దాచుకునేవారు. అక్కడి గింజకు పురుగు పట్టదని, చెమ్మ తగలదని నమ్మకం. వానాకాలం చివర గాదె తెరిచి, ఎవరి పాలు వారు తీసుకుపోయి విత్తుకునేవారు.

ఒక ఏడు సుంకన్న ఎద్దుకు గాలికుంటు సోకింది. అది కోలుకుంటే అమ్మవారి గోడను రాతిలా గట్టి చేయిస్తానని ఆయన మొక్కుకున్నాడు. ఎద్దు లేచి మేత మేసింది. వేసవిలో సుంకన్న మాట నిలుపుకున్నాడు. గోడకు లోపలా బయటా సిమెంటు పూయించాడు. అమ్మవారి మీద దుమ్ము పడుతోందని గవాచి కూడా మూయించాడు. ఆయన భక్తిలో ఏ లోటూ లేదు. ఊరు ఊరంతా వచ్చి గోడను తట్టి చూసి మెచ్చుకుంది.

శ్రావణంలో వానలు పట్టాయి. ఒక ఉదయం దీపం పెట్టబోయిన ఎల్లక్కకు గూటి చుట్టూ నీటిబొట్లు కనిపించాయి. తుడిస్తే మళ్లీ పట్టాయి. ఈ సంగతి వంక దాటేసరికి మహిమ అయిపోయింది. అమ్మకు చెమట పడుతోందని పక్క ఊళ్లవారు విసనకర్రలు పట్టుకుని వచ్చి, వరసకట్టి గోడకు విసరసాగారు.

"రొంత గట్టిగా ఇసురు మామా. అత్తకు ఇసిరినట్ల ఇసురుతాండావే!" అని ఒకామె ఎగతాళి చేసింది.

"మీ అత్తకు నేనెప్పుడు ఇసిరితి? ఆమే నా మీదికి ఇసురుతాది, చేట!" అన్నాడు మామ.

సుంకన్న మీసం దువ్వుకుంటూ అందరికీ మజ్జిగ పోయించాడు. ఎల్లక్కకు మాత్రం గదిలో కొత్త వాసన తగిలింది. తడిసిన గోనె వాసన. గాదెలో చెయ్యి పెడితే గింజలు వేళ్లకు అంటుకున్నాయి. బూజు. ఊరంతటి విత్తనం అది. పోయిందంటే ఆ ఏడు ఎవరి చేనూ పచ్చబడదు.

మరునాటి తెల్లవారుజామున ఆమెకు కల వచ్చింది. ఎర్రకోక కట్టిన ముసలామె గోడలోంచి తల బయటపెట్టి, "మే ఎల్లీ, మొగుడూ పెండ్లామూ కలిసి నా మూతికి గుడ్డ కట్టినారు. ఊపిరాడక నేను సస్తాంటే ఊరంతా వచ్చి ఇసురుతాండారు. ముందు ఈ తొడుగు ఇప్పండి," అన్నదట.

సుంకన్న నమ్మలేదు. "మొక్కింది నేను. కల నీకెట్ల వస్తాది?"

"నీ గురకకు జడిసి నా పక్కకు వచ్చింటాది."

ఆయన నవ్వలేదు. తీర్చిన మొక్కును చెరిపితే ఎద్దు దక్కదని ఆయన భయం. అమ్మవారి గోడ మీద గునపం వేసినవాడి వంశం నిలవదని పెద్దలు కూడా అడ్డుపడ్డారు. ఎల్లక్క వాదించలేదు. గాదె తెరిచి, బూజు పట్టిన జొన్నలు తలా ఒక పిడికెడు చేతిలో పెట్టింది.

"వాసన చూడండి. చూసి మీరే చెప్పండి," అన్నది.

పెద్దలు వాసన చూసి ముఖాలు తిప్పుకున్నారు. సుంకన్న గింజలను చాలాసేపు చూశాడు. వెళ్లి గునపం తెచ్చాడు. "మొక్కు నాది, తప్పూ నాదే. ఏం జేసినా నన్నే జెయ్యి తల్లీ," అని కళ్లు మూసుకుని ఒక పోటు పొడిచాడు.

సిమెంటు పెళ్ళ ఊడిపడింది. లోపలి మట్టి కలిపిన పిండిలా మెత్తగా ఉంది. అందరూ చెయ్యి కలిపి ఆ తొడుగంతా ఒలిచారు. గవాచి తెరవగానే గదిలో కమ్ముకున్న ఆవిరి పొగలా పైకి లేచి వెళ్లిపోయింది. సుంకన్న భయం భయంగా పడసాల వైపు చూశాడు. ఎద్దు నెమరు వేస్తోంది.

వాన తెరిపిచ్చినప్పుడల్లా విత్తనాన్ని బండల మీద ఆరబోశారు. ఎండిందే గాని, ప్రాణం ఉందో లేదో తెలియదు. ఎల్లక్క పిడికెడు గింజలు తడిగుడ్డలో మూటకట్టి అమ్మవారి గూట్లో పెట్టింది. ఆ మూట విప్పేనాటికి పొలాలకు పోవలసినవారంతా ఈ వాకిట్లోనే నిలబడ్డారు. గుడ్డ నిండా తెల్లటి మొలకలు. "బతికింది!" అని ఎల్లక్క అక్కడే కూలబడి ఏడ్చింది. పచ్చి మట్టిగోడకు వీపు ఆనించి సుంకన్న పెద్దగా నవ్వాడట. ఆ ఏడు ఏ చేనూ బీడు పడలేదు.

ఈ ఇంటికి సిమెంటు తాకరాదని నాడే ఊరు కట్టుబాటు చేసుకుంది. తరువాత చాలా ఏళ్లకు పాత కట్టడాలను కాపాడే శాఖవారు వచ్చి కొలతలు తీసుకుంటుంటే, ఎద్దులను బయటికి తోలమంటారేమోనని ఊరు బెంగపడింది. వచ్చిన అధికారి దూలాలు, గాడి, గవాచి అన్నీ చూసి, "ఉన్నది ఉన్నట్టే ఉంచండి, ఎద్దులతో సహా," అని రాసి ఇచ్చి వెళ్లాడు. ఆనాడు వాకిట్లో పాయసం వండారు.

నేటికీ మృగశిర కార్తెకు ముందు భక్తులు తలా ఒక గంప చవుడు మన్ను మోసుకొచ్చి వాన దిగకుండా కప్పు మీద పరుస్తారు. ఆడవారు గోడకు ఎర్రమట్టి మెత్తి సున్నం పూస్తారు. దర్శనానికి వచ్చినవారు తమ కోరిక చెప్పుకోవడానికి ముందు గోడకు అరచెయ్యి ఆనించి, "ఊపిరాడుతోందా తల్లీ?" అని అడగాలి. గోడ పొడిగా తగిలితే తల్లి సుఖంగా ఉన్నట్టే. అప్పుడు గాదెలోని జొన్నలు పిడికెడు ప్రసాదంగా ఇస్తారు. వాటిని తమ విత్తనంలో కలిపి చల్లిన చేనికి మొలక తప్పదు. పొడి గోడ తాకిన సంతోషంలో సొంత కోరిక చెప్పడం మరిచిపోయి తిరిగివెళ్లేవారు కూడా ఉంటారు. వారి పనులే ముందు అవుతాయని ఇక్కడి పెద్దలు చెబుతారు.