చవుడు కలిసిన కుప్ప

అనగనగా ఒక అడవిలో ఒక వాగుండేది పిల్లలూ. వాగు పక్కనే నిటారుగా ఒక కొండచరియ. ఆ చరియకి వానకోవెల పిట్టలు మట్టితో గూళ్ళు కట్టుకునేవి. గూటికి బంకమట్టే కావాలి. అదేమో నేల అడుగున ఎక్కడో ఉంటుంది. పైనంతా ఇసకా చవుడూనూ. అంత చిన్న పిట్టలకి తవ్వడం ఎలా వస్తుంది చెప్పండి? అందుకని ఎండ్రకాయలు తవ్వి తెచ్చేవి. ఊరికే కాదండోయ్! మట్టి ఉండకో పురుగు పిట్టలు ఇచ్చుకోవాలి.

ఆ ఎండ్రకాయల్లో గవరయ్య అని ఒకడు. ఒళ్ళు దాచుకునే రకం కాదు. బంకమట్టి తగిలేదాకా తవ్వి, పుల్లా రాయీ ఏరి, నున్నగా ఉండ చేసేవాడు. అయితే ఆ ఎండ్రకాయలకో అలవాటుంది. ఎవరు తెచ్చిన మట్టైనా రేవులో ఒకే కుప్పలో పోస్తారు. వచ్చిన పురుగుల్ని అందరూ పంచుకు తింటారు. ఏ ఉండ ఎవరిదో ఆ దేవుడిక్కూడా తెలీదు.

ఆ ఏడు సింగన్న అనే ఎండ్రకాయకి బద్ధకం పుట్టింది. లోతుకి తవ్వడం మానేసి, పైనున్న చవుడు తెచ్చి కుప్పలో కలిపేశాడు. గవరయ్యకి అనుమానం వచ్చి కాస్త నోట్లో వేసుకున్నాడు. ఉప్పగా ఉంది! చవుడు ఆరితే గట్టిగానే కనబడుతుంది. తడిసిందా, పిండిలా రాలిపోతుంది.

"ఏంటి సింగన్నా ఇది? గూళ్ళు నిలుస్తాయా?" అన్నాడు గవరయ్య.

"నీ ఉండలు నువ్వు చేసుకోవోయ్! ఊళ్ళో పెత్తనాలన్నీ నీకే కావాలి" అన్నాడు సింగన్న.

'పోనీలే, మనకెందుకు' అనుకుని గవరయ్య తన బొరియలోకి వెళ్ళిపోయాడు.

తొలకరి జల్లు పడింది. ఆ కుప్పలోని మట్టితో చరియ మీద కట్టిన గూళ్ళు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయాయి. సింగన్న చెప్పాపెట్టకుండా వాగు దాటి పారిపోయాడు.

పైడమ్మ అనే వానకోవెల గవరయ్య దగ్గరికొచ్చింది.

"అన్నా, గూడు ఒక పక్క బీట తీసింది. లోపల గుడ్లున్నాయి. పెద్ద వాన రాకముందే పూడ్చాలి. నా దగ్గర ఇవ్వడానికి ఒక్క పురుగైనా లేదు. కాస్త మట్టి పెట్టన్నా!"

"వెళ్ళి సింగన్ననడుగు తల్లీ. చవుడు తెచ్చింది వాడు, నేను కాదు" అన్నాడు గవరయ్య.

పైడమ్మ ఆ వాగుకి పెద్దదిక్కైన తాబేలు తాత దగ్గరికెళ్ళి ఏడ్చింది. తాత అందర్నీ రేవుకి పిలిచాడు.

"ఒరేయ్, వినండి. ఇవాళ్టి నుంచి ప్రతి ఎండ్రకాయా తన తవ్వకంలోంచి రోజుకో ఉండ పక్కన పెట్టాలి. వాటితో కూలిన గూళ్ళు బాగుచేద్దాం."

"చేసినోడు వాగు దాటేశాడు. దండగ మాకా?" అని ఎండ్రకాయలన్నీ గోల పెట్టాయి.

"కుప్ప అందరిదీ కాదురా? పురుగులు అందరూ తినలేదూ?" అన్నాడు తాత. తర్వాత గవరయ్య వైపు తిరిగాడు. "నువ్వు సరేనంటే వీళ్ళంతా సరేనంటారు. నువ్వేమంటావు?"

గవరయ్య నోట్లో ఆనాటి ఉప్పదనం మళ్ళీ తగిలినట్టయింది. అయినా రోషం ఊరుకోనిస్తేగా!

"నా మట్టికి వంక పెట్టినవాడు లేడు తాతా. ఎవడో చేసిన పాపం నేనెందుకు మొయ్యాలి? నేనివ్వను" అన్నాడు.

అంతే. "మేమూ ఇవ్వం!" అంటూ అందరూ డెక్కలు పైకెత్తారు.

పైడమ్మ వెళ్ళి, గూటి బీటకి తన రెక్క అడ్డం పెట్టుకుని కూర్చుంది. పెద్ద వాన వచ్చింది. రెక్క అడ్డం పెడితే గోడ నిలుస్తుందా?

తెల్లారి పైడమ్మ రేవులో వాలింది. ఒళ్ళంతా బురద. గవరయ్య ఆ ముఖం చూడలేకపోయాడు. గబగబా ఒక ఉండ ముందుకు తోశాడు.

"తీసుకో తల్లీ, పురుగేమీ వద్దు. నా చేత్తో తవ్వింది. మంచి మట్టి."

"గుడ్లు వాగులో కొట్టుకుపోయాయన్నా" అంది పైడమ్మ. ఉండని ముక్కుతోనైనా తాకలేదు. "మంచిదే అయ్యుంటుంది. ఆ కుప్పలోది ఇచ్చినప్పుడూ మంచిదనే చెప్పారు."

ఎగిరిపోయింది. దాని వెనకే వానకోవెలలన్నీ ఆ చరియని వదిలి వెళ్ళిపోయాయి. రేవులో కుప్ప ఎండి నెర్రెలిచ్చింది. కొనేవాళ్ళు లేక ఎండ్రకాయలు తలోదారీ పట్టాయి.

గవరయ్య మాత్రం ఇప్పటికీ రోజూ అడుగుదాకా తవ్వుతాడు. నున్నగా ఒక ఉండ చేసి, చరియ కింద పెట్టి, పైకి చూస్తూ కూర్చుంటాడు. మర్నాడు వెళ్ళేసరికి ఆ ఉండ పెట్టినచోటే ఉంటుంది.

నీతి: ఒకే కుప్ప మీద బతికేవాళ్ళు, ఆ కుప్ప వల్ల కూలిన గూటికి కూడా తలో చెయ్యి వెయ్యాలి. తప్పు నాది కాదని కూర్చుంటే నీ మంచి మట్టినీ ఎవరూ నమ్మరు.