నిండుకున్న సత్రం

ఆ రాజ్యం పేరు మాత్రం అడక్కండి. అక్కడివాళ్ళు ఈ కథ వింటే ఇప్పటికీ తల దించుకుంటారట, మనకెందుకు వాళ్ళని నొప్పించడం? ఒకప్పుడు దాన్ని గజకేసరి భూపతి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. చేతికి ఎముక లేదన్నట్టు దానాలు చేసేవాడు, అనవసరంగా ఎవరి మీదికీ యుద్ధానికి పోయేవాడు కాదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. తెలుగులో ఏ మాటకైనా సరే, అర్థం తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. తనకు తానే "శబ్దసార్వభౌముడు" అని బిరుదు కూడా తగిలించుకున్నాడు.

ఒకసారి ఎవరో పండితుడు, పాపం తెలియక, "ప్రభూ, అక్కడ ఆ అర్థం కుదరదేమో" అన్నాడు. మర్నాటికల్లా మూటాముల్లె సర్దుకుని పొరుగు రాజ్యానికి పోవలసివచ్చింది. అప్పటినుంచి రాజుగారు ఏ అర్థం చెబితే సభకు అదే అర్థం.

ఊరి పొలిమేరలో ఒక సత్రం ఉండేది. దాన్ని పేరిందేవి అనే పెద్దావిడ నడిపేది. ఏటా కోతలయ్యాక రాజుగారి గాదెల నుంచి ధాన్యం బళ్ళు అక్కడికి వెళ్ళేవి. ఆకలితో వచ్చినవాళ్ళు ఆకలితో తిరిగి వెళ్ళకూడదు. భర్తా బిడ్డలూ ఎవరూ మిగలని ఆ ముసలావిడకు బతుకులో ఉన్న పట్టుదల ఆ ఒక్కటే.

అంతమందికి ఎలా సరిపెట్టేదంటారా? ఆవిడ వంటింట్లో పారేసేదంటూ ఉండేది కాదు. బీరకాయ కూరకి తరిగితే చెక్కు వేయించి, ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి రోట్లో నూరి పచ్చడి చేసేది. అరటికాయ తొక్క ఉడకబెట్టి పోపు పెట్టేది. తోటకూర ఆకు పప్పులోకి, కాడలు పులుసులోకి. పులుసు చిక్కబడాలంటే పిండెందుకే, బియ్యం కడిగిన రెండో నీళ్ళు పొయ్యరాదూ అనేది. చింతపండు మొదట పిసికిన రసం పులుసుకి, మళ్ళీ పిసికింది చారుకి, ఆఖరికి ఆ పిప్పి కూడా ఇత్తడి చెంబులు తోమడానికి. వార్చిన గంజిలో మజ్జిగా ఉప్పూ కాస్త వాముపొడీ కలిపి, ఎండన పడి వచ్చినవాళ్ళకు ముందు అది ఇచ్చి తరవాత ఆకు వేసేది.

పోనీ ఈ కిటుకులన్నీ తన దగ్గరే దాచుకునేదా? అబ్బే! తిని చెయ్యి కడుక్కున్న ఆడమనిషిని ఊరికే పోనిస్తేగా. "ఇలా అరుగు మీద కూచో అమ్మాయ్. మీ ఇంట్లో సొరకాయ చెక్కు ఏం చేస్తారే? ఆవుకి పడేస్తారా? అయ్యో పిచ్చిపిల్లా!" అని మొదలుపెట్టేది. సత్రంలో తిన్నవాళ్ళు ఏదో ఒక వంట నేర్చుకోకుండా గడప దాటిన దాఖలా లేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సత్రానికి వచ్చే జనం పెరిగిపోయారు. పేరిందేవి ఎంత సర్దినా కుండల అడుగు కనపడింది. రాజుగారి బళ్ళా ఇంకా రాలేదు. సత్రంలో కట్టెలు కొట్టే పోలయ్యను పిలిచి సభకు పంపింది.

పోలయ్య రాజు ముందు వంగి దండం పెట్టాడు. "ప్రభూ, సత్రంలో బియ్యం నిండుకున్నాయని పెద్దమ్మగారు మనవి చేసుకోమన్నారు."

మన ఇళ్ళల్లో సంగతి మీకు తెలిసిందే. బియ్యం అయిపోతే లేవు అనం. ఆ మాట చెవిన పడితే లక్ష్మీదేవి అలిగి వెళ్ళిపోతుందని భయం. కుండ బోర్లించి దులుపుతున్నా సరే, "నిండుకున్నాయి" అంటాం. కానీ గజకేసరి పుట్టి బుద్ధెరిగాక అంతఃపురంలో ఏదీ అయిపోయింది లేదు. ఇక ఆ మాట ఆయన చెవిన ఎలా పడుతుంది?

రాజు మొహం వెలిగిపోయింది. "భేష్! నిండు అంటే పూర్ణం. నిండుకొనడం అంటే తనంత తానుగా పూర్ణం కావడం. ఇంత కరువులోనూ బియ్యం వాటంతట అవే నిండాయంటే, ఆ అవ్వ పొదుపు ఎంతటిదో చూశారా!"

సభలో ఉన్నవాళ్ళందరికీ ఇళ్ళున్నాయి, ఇళ్ళల్లో వంటిళ్ళున్నాయి. ఒక్కడు నోరు మెదిపితే ఒట్టు. ఆస్థాన విదూషకుడు కూర్మన్న మాత్రం లేచాడు.

"ప్రభూ, ఆ మాటకు వంటింట్లో ఇంకో అర్థం ఉంది."

"వంటింటి అర్థాలు సభలోకి తేకు కూర్మన్నా. గరిటె మీ ఆవిడది, శబ్దం మాది!"

సభ గొల్లుమంది. కూర్మన్న కూడా నవ్వేసి కూర్చున్నాడు. అలా నవ్వి కూర్చోవడం ఎంత తప్పో ఆయనకు తరవాత తెలిసింది. ఉద్యోగం పోతే పోనీ అని ఆ పూటే గట్టిగా అరిచి చెప్పి ఉంటే బాగుండేదని, ముసలితనంలో కూడా మనవలతో చెప్పి బాధపడేవాడట.

"నిండి ఉన్న చోటికి మళ్ళీ ధాన్యం ఎందుకు?" అన్నాడు రాజు. "ఈ ఏటికి సత్రం బళ్ళు ఆపించండి. ఆ అవ్వకు మా కానుకగా పట్టుశాలువా పంపండి."

చూశారా చోద్యం! పొదుపు నేర్చిన పాపానికి రావలసిన బియ్యం కూడా ఆగిపోయాయి. పోలయ్య ఆ శాలువా చేత్తో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక అలాగే నిలబడ్డాడు. బయటికి వచ్చాక కూర్మన్న అతన్ని పక్కకు లాగాడు.

"ఓరి నాయనా, లేవు అని చెప్పరా! ఆ ఒక్క ముక్కా అంటే సరిపోయేదిగా!"

పోలయ్య లెంపలేసుకున్నాడు. "అమ్మో! అన్నం పెట్టే సత్రం పేరెత్తి ఆ మాటా? పెద్దమ్మగారు నన్ను గుమ్మం తొక్కనిస్తారా?"

కూర్మన్న ఆ సాయంత్రమే తన ఇంటి బియ్యంలో సగం సత్రానికి పంపాడు. అవి ఎన్నాళ్ళు వస్తాయి? కొన్నాళ్ళకు పోలయ్య మళ్ళీ సభకు వచ్చాడు. ఈసారి పప్పూ ఉప్పూ కూడా నిండుకున్నాయన్నాడు. రాజుకు ఆనందం పట్టలేదు. వెంటనే ఊరంతా దండోరా వేయించాడు. "ఇందుమూలంగా ఆడవారందరికీ తెలియజేయడమేమంటే, అందరూ పేరిందేవి వద్ద పొదుపు వంటలు నేర్చుకోవాలహో! ప్రతి ఇల్లూ ఆ సత్రంలాగే నిండుకోవాలని ఏలినవారి దీవెనహో!"

ఆ దీవెన విని ఆడవాళ్ళు హడలిపోయి తలుపులు వేసుకున్నారు. కొందరు గడప మీద పసుపునీళ్ళు కూడా చల్లుకున్నారు.

ఇక లాభం లేదనుకున్నాడు కూర్మన్న. మర్నాడు సభలో చేతులు కట్టుకుని, "ప్రభూ, మా ఆవిడ అచ్చమాంబ ఆ పెద్దావిడ శిష్యురాలు. రేపు మా ఇంట భోజనానికి దయచేయాలి. సత్రం వంటంటే ఏమిటో ఏలినవారు స్వయంగా చూడాలి" అన్నాడు. రాజు సంతోషంగా ఒప్పుకున్నాడు. విందు మీద ఆశతో పొద్దుటి ఫలహారం కూడా ముట్టలేదు.

పీట వేశారు. అరిటాకు పరిచి నీళ్ళు చల్లారు. అచ్చమాంబ వంటింటి గుమ్మంలో నిలబడి వినయంగా అంది.

"ప్రభూ, అన్నం నిండుకుంది."

"శుభం! వడ్డించమ్మా."

"పప్పు నిండుకుంది."

"భేష్!"

"బీరపొట్టు పచ్చడి నిండుకుంది. పులుసూ నిండుకుంది. నెయ్యి ఎప్పుడో నిండుకుంది."

"ఆహా! నెయ్యి కూడానా!" అంటూ రాజు ఆకు దగ్గరకు జరుపుకున్నాడు. వెనక నిలబడ్డ భటుడొకడు నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు.

ఎంతసేపు చూసినా ఎవరూ ఏమీ తేరు. ఆకు మీది నీళ్ళు కూడా ఆరిపోయాయి.

"కూర్మన్నా, అన్నీ నిండుకున్నాయన్నారు. ఏవీ?"

"అవే ప్రభూ."

"అవే అంటే? ఎక్కడయ్యా?"

"శబ్దం ఏలినవారిది. దానికి అర్థం ఏలినవారే చెప్పాలి. గిన్నెలు మాత్రం మావి" అంటూ కూర్మన్న అన్నం గిన్నె, పప్పు గిన్నె, నేతిగిన్నె ఒక్కొక్కటే తెచ్చి రాజు ముందు బోర్లించాడు. మెతుకు రాలలేదు.

రాజు కళ్ళెర్రజేశాడు. "పిలిచి ఆకు వేసి అవమానం చేస్తావా?"

"క్షమించాలి ప్రభూ. గిన్నెలో ఏమీ మిగలనప్పుడు మా ఆడవాళ్ళు అనే మాట ఇదే. పోలయ్య సభకు వచ్చి చెప్పింది కూడా ఇదే."

రాజు బోర్లించిన గిన్నె ఒకటి ఎత్తి లోపలికి తొంగిచూశాడు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి గడుసువాడా! ఎంత నాటకం ఆడావురా! సరే, ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను" అని మెడలోని ముత్యాలహారం తీసి కూర్మన్న మెడలో వేశాడు. "సత్రానికి రేపే బళ్ళు పంపుదాం. ఇక దాచిన వంటలు బయటికి తియ్యి. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి."

అచ్చమాంబే నెమ్మదిగా చెప్పింది. "నాటకం కాదు ప్రభూ. నిజంగానే నిండుకున్నాయి. మాకున్నది కూడా సత్రానికే పంపించాం. అదీ మొన్నటితో సరి. సత్రంలో వాళ్ళు రేపటిదాకా ఆగాలంటే ఎలాగో..."

రాజు నవ్వు ఆగిపోయింది. విస్తరి ముందునుంచి లేచి, బళ్ళు ఈ క్షణమే కట్టించమని కేకవేసి, వాటికంటే ముందు తాను గుర్రమెక్కి సత్రానికి బయలుదేరాడు. కూర్మన్న కూడా వెంట వెళ్ళాడు.

సత్రం పొయ్యిలో నిప్పు లేదు. జ్వరంతో పడుకున్న ఒక ముసలి బైరాగి మీద ఆ పట్టుశాలువా కప్పి ఉంది. పేరిందేవి గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆవిడ అడిగిన మొదటి మాట, "భోంచేశారా బాబూ?"

రాజు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ లోపలికి వెళ్ళి చిన్న గిన్నెలో గంజి, ఆకు ముక్క మీద కాస్త అరటితొక్క పచ్చడి తెచ్చింది. పొద్దుటినుంచీ ఏమీ తినని రాజు గటగటా తాగేశాడు. ఇంత రుచిగా ఏదీ తినలేదనిపించింది. ఖాళీ గిన్నె తీసుకుంటూ పోలయ్య చిన్నగా చెప్పాడు. "అది అమ్మగారి వంతు ప్రభూ. నిన్నటినుంచి ఆవిడ ఏమీ తినలేదు."

రాజు చేతులు జోడించాడు. "అవ్వా, తప్పంతా నాది. బళ్ళు వస్తున్నాయి. ఇకముందు ఈ సత్రానికి ఏ లోటూ రానివ్వను. కానీ నువ్వైనా లేవు అని ఒక్క మాట కబురు పెట్టకూడదా?"

"పదిమందికి అన్నం పెట్టేచోట ఆ మాట ఎలా అంటానయ్యా?"

"ఎవరినైనా ఆకలితో పంపవలసి వచ్చిందా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని అంది. "నిన్న సాయంత్రం ఒక పిల్ల వచ్చింది బాబూ. చంకలో చంటివాడు, చెయ్యి పట్టుకుని ఒక ఆడపిల్ల. ఏ ఊరినుంచి నడిచి వచ్చారో, కాళ్ళనిండా దుమ్ము. ఈ అరుగు మీదే కూర్చున్నారు. ఆడపిల్ల ఆకు కోసం చూస్తోంది. ఇంట్లో ఈ గంజి చుక్క కూడా అప్పటికి లేదు. ఈ పొద్దున గాదె అడుగున ఊడ్చిన నూకలతో కాచాను."

"ఏం చెప్పావు వాళ్ళకి?"

"బియ్యం నిండుకున్నాయమ్మా అన్నాను."

"దానికి ఆమె ఏమంది?"

"ఏమంటుంది? ఆ తల్లికి అర్థమైంది. మారుమాటాడకుండా కూతుర్ని లేపి, చంటివాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది."

రాజు ఆజ్ఞతో రౌతులు అన్ని దారులా పరుగెత్తారు. ఆ తల్లీ పిల్లలూ ఎక్కడా కనపడలేదు. ఈలోపు బళ్ళు వచ్చాయి, పొయ్యి వెలిగింది, సత్రంలో ఉన్నవాళ్ళందరూ కడుపునిండా తిన్నారు. గజకేసరికి కూడా ఆకు వేశారు. ఆయన మాత్రం అన్నం కలపకుండా, ఆకు కోసం చూసిన ఆ ఆడపిల్లకి ఎన్నేళ్ళుంటాయవ్వా, ఎన్నేళ్ళుంటాయి అని అడుగుతూ కూర్చున్నాడు.