ఆగనంటే ఆగనన్న తేనెటీగ

ఇప్పల అడవిలో ఎలుగుబంట్లు, కుందేళ్లు, పాలపిట్టలు ఉండేవి. అక్కడే ఒక కొండ తొర్రలో తేనెపట్టు కూడా ఉండేది.

పట్టు కిక్కిరిసిపోతే సగం ఈగలు విడిపోయి ఇంకోచోట పట్టు పెట్టుకునేవి. కానీ ఊరికే విడిపోవడానికి లేదు. తేనె చాలినంత ఉందా, పాడైన గదులు బాగయ్యాయా, కొత్త రాణి పుట్టిందా అని గోరింట అనే ఈగ చూసేది. ఏది తక్కువైనా సరే, "పదండి పదండి" అని గంతులేసే ఈగ నెత్తిన తన తలతో ఠపీమని ఒక్కటిచ్చేది. అంటే ఆగమని.

జోరు అనే కుర్ర ఈగకి ఒకరోజు మూడుసార్లు పడింది.

"ఏంటత్తా, కొట్టి కొట్టి నీ తలకి నొప్పి పుట్టదా?"

"పుడుతుందే. కొత్త రాణి ఇంకా బయటికి రాలేదు. ఆగు."

"ముసలైపోయింది నువ్వు, నేను కాదు!" అని జోరు ఒక గుంపుని వెంటేసుకుని పోయింది.

ఆగలేని ఈగలు ఇంకా వచ్చి చేరి ఆ గుంపు మర్నాటికి రెండైంది, ఆ తర్వాత నాలుగైంది. రాణి లేదు, గూడు లేదు. ఆకలేస్తే పాత పట్టుకే వచ్చి తేనె తాగిపోయేవి. అయిదు రోజుల్లో తేనె సగానికి వచ్చేసింది. అడవిలో పూలు అయిపోయాయి, ముందుంది వానాకాలం. గదుల్లో పసిపిల్లలు.

"పట్టు వదిలేసి పోదాం," అన్నాయి కాపలా ఈగలు.

"పిల్లల్ని మోసుకుపోగలమా?" అంది గోరింట. "వాళ్ళకి ఆగడం రాదు, మనకి వచ్చు. మూడు రోజులు తేనెగదులన్నీ మైనంతో మూసేద్దాం. రెక్కలు ముడుచుకుని కూర్చుంటే మనం ఓర్చుకుంటాం. ఆగకుండా ఎగిరేవాళ్ళు ఓర్చుకోలేరు."

"మరి పిల్లలో?" అంది పట్టులోని పాత రాణి.

గోరింట పిల్లల గదులకేసి చూసింది. "వాళ్ళకీ కష్టమే. రోజుకి ఒక్కపూటే పెడతాం. మధ్యలో మాత్రం మూత తియ్యొద్దు."

రెండోరోజుకి పిల్లలు వడిలిపోయాయి. కొన్ని దక్కలేదు. గోరింట మూతమీదే కూర్చుంది, లేవలేదు.

మూడోరోజు జోరు తూలుతూ వచ్చింది. "అత్తా, ఒక్క చుక్క!"

"రెక్కలు ముడిచి కూర్చో, పెడతాను."

జోరు ముడవబోయింది. రెక్కలు మాట వినలేదు. అలా కొట్టుకుంటూనే గడపలో రాలిపోయింది.

గుంపులు చెదిరాయి. ఒక్క గుంపు మాత్రం ఆకుల చాటున మిగిలింది. గోరింట నాలుగు రోజులు పిల్లలకి కడుపునిండా పెట్టించి, మళ్ళీ మూడు రోజులు మూత వేయించింది. ఈసారి ఆ గుంపులో ఒక్క ఈగా మిగల్లేదు.

వానలు వెలిశాక కొత్త రాణి బయటికొచ్చింది. ఒక ఈగ గంతులు మొదలెట్టి, దెబ్బ పడుతుందేమోనని భయంగా చూసింది. గోరింట తేనె చూసింది, గదులు చూసింది, పక్కకి జరిగి దారిచ్చింది.

నీతి: పెరగడం ఎంత అవసరమో, ఆగాల్సిన చోట ఆగడమూ అంతే అవసరం. మన ఒంట్లో కణాలకీ ఇదే కట్టుబాటు. ఆగడం మరిచిన కణాలే క్యాన్సర్ అవుతాయి. వాటికి మధ్యలో విరామమిస్తూ వేసే మందు మంచి కణాలనీ కాస్త బాధపెడుతుంది, అయినా మొండిగా చివరిదాకా నిలబడాలి.