తీతువు అరవని చోటు

సైకిలు మీద పోతున్నారు. ఊరు కొత్త. రోడ్డు మీద సున్నంతో వేసిన బాణం గుర్తు కనిపించింది. అటే పోతారా, లేక ఆ బాణం ఎవరు వేశారని అడుగుతారా? చెప్పండి చూద్దాం.

కౌస్తుభ్ అటే పోతానంటున్నాడు. బాణం ఉన్నదే అందుకు కదా అని వాడి వాదన. హిమజ ఫోనులో మ్యాపు చూసుకుంటుందట. మంచిదే. మరి ఆ ఫోనులో గీత ఎవరు గీశారమ్మా? తల గోక్కోనక్కర్లేదు. కథ అయ్యేసరికి జవాబు అదే వస్తుంది. రాకపోతే మళ్ళీ మొదటి నుంచి చెబుతాను. నాకేం తొందర లేదు.

కొంగలమడుగని ఒక పెద్ద సరస్సు. దాన్ని ఆనుకుని చిన్నా పెద్దా పదకొండు చెరువులు. చెరువుకూ చెరువుకూ మధ్య గట్టు. గట్టంటే ఎత్తుగా పోసిన మట్టికట్ట. నీళ్ళను ఆపుతుంది, మనుషుల్ని నడిపిస్తుంది. అక్కడ రోడ్డన్నా గట్టే, వీధన్నా గట్టే.

అందులో పెద్దగట్టు మీద, తూము దాటాక పది అడుగుల దూరంలో, గులకరాళ్ళ మధ్య ఒక తీతువు నాలుగు గుడ్లు పెట్టింది. తూమంటే తెలుసుగా, గట్టు కింద నుంచి నీళ్ళు పోవడానికి కట్టిన దారి. తీతువులు గూడు కట్టవు. నేల మీదే పెడతాయి. గుడ్డును చూస్తే గులకరాయి అనుకుంటాం, గులకరాయిని చూస్తే గుడ్డు అనుకుంటాం. కంటికి ఆననిదే కంచె అని తీతువుకు వాళ్ళమ్మ చెప్పి పోయింది. ఆ మాట ప్రకారమే పాముకూ ముంగిసకూ కాకికీ కూడా ఆ గుడ్లు ఇన్నాళ్ళూ దొరకలేదు.

భయమంతా సైకిళ్ళతోనే వచ్చింది. ప్రతి ఆదివారం తెల్లవారేసరికి పట్నం నుంచి ఇరవై మంది సైకిళ్ళ మీద వచ్చేవారు. నెత్తిన బోర్లించిన దోసకాయ చెక్కల్లాంటి టోపీలు, ఒంటికి అంటుకుపోయిన చొక్కాలు. ఎక్కడికి పోతారో జంతువులకు అర్థమయ్యేది కాదు, ఎందుకంటే బయల్దేరిన చోటుకే తిరిగి పోయేవారు. సరస్సు చుట్టూ ఒక చుట్టు చుట్టి, తూము దగ్గర ఆగి, అరటిపళ్ళు తిని, ఫొటోలు తీసుకుని వెళ్ళేవారు. చెడ్డవాళ్ళు కారు. తొక్కలు కూడా సంచిలోనే వేసుకునేవారు. ఈ చివరి విషయంలో మాత్రం గేదె పెద్దమ్మకు కొంచెం మనస్తాపం ఉండేది.

చెడ్డవాళ్ళు కాకపోయినా వాళ్ళ చూపు దూరంగా ఉంటుంది, చక్రం దగ్గరగా ఉంటుంది. పోయిన ఆదివారం ఒక చక్రం గుడ్లకు జానెడు ఎడంగా పోయింది. తీతువుకు ఆ రోజంతా మేత దిగలేదు. గుడ్లు పిల్లలు కావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. తీతువు పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి, నడిస్తే బతికినట్టే. అంటే మధ్యలో ఒక్క ఆదివారం గండం. అది దాటితే చాలు.

గేదె పెద్దమ్మ దూడగా ఉన్నప్పటి నుంచీ ఆ గట్టు మీదే మేస్తోంది. గుడ్లు కాస్త పక్కకు జరుపుకోకూడదా అని అడిగింది.

"దొర్లితే నీళ్ళలోకే పెద్దమ్మా. చేతులున్నవాళ్ళు చెప్పాల్సిన సలహా అది," అంది తీతువు.

తనకూ చేతులు లేవు కాబట్టి గేదె మళ్ళీ మేతలో పడింది.

ఈ గోడు నక్క చెవిన పడింది. ఆ నక్క మెట్ట నుంచి వచ్చి రెండు నెలలయింది. మెట్టంటే నీటి ఎద్దడి ఉండే ఎత్తు నేల. వానలు లేక అక్కడ ఎలకలు కరువయ్యాయని ఇటు దిగింది. సోమవారం పొద్దున్నే అది ఊళ్ళో వాలీబాలు కోర్టుకు గీతలు గీయగా మిగిలిన సున్నం డబ్బా పళ్ళతో పట్టుకుని గట్టెక్కి వచ్చింది.

"సైకిళ్ళ దారి సంఘమని ఒకటి పెట్టాం చెల్లెమ్మా. నేనే అధ్యక్షుణ్ణి. సభ్యులింకా చేరలేదు."

తర్వాత విషయానికి వచ్చింది. సైకిళ్ళవాళ్ళు చాలా చదువుకున్నవాళ్ళట. చదువుకున్నవాళ్ళు బాణం గుర్తు చూస్తే కాదనరట. నేల మీద బాణం వేసి ఉంటే మడుగులోకైనా దిగుతారట. కాబట్టి తాను సరస్సు చుట్టూ సున్నంతో దారి గీస్తుంది, నేల మీద గుడ్లు పెట్టే పిట్టల ఇళ్ళన్నీ తప్పించి గీస్తుంది. తనకు కావలసిందల్లా ఒకటే, ఎవరి గుడ్లు ఎక్కడున్నాయో చూపించడం. తెలియకపోతే తప్పించడమెలా అని న్యాయంగా అడిగింది.

తీతువు గుండె ఒక్కసారి తేలికయింది. నిన్నటి నుంచి కావాలనుకున్నది అదే. చెప్పేద్దామని ముక్కు తెరిచింది కూడా. తెరిచాక వాళ్ళమ్మ మాట గుర్తొచ్చింది. ఆలోచించుకుని శనివారం చెబుతానంది.

పక్కగట్టు గడ్డిలో ఉండే పూరేడుకు ఆలోచించుకునే అలవాటు లేదు. మంగళవారమే నక్కను ఇంటికి పిలిచి తన ఏడు గుడ్లూ చూపించింది. నక్క వాటి చుట్టూ సున్నంతో వలయం గీసి, ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి వెళ్ళింది. అంత గుండ్రటి వలయం ఈ సీమలోనే లేదని పూరేడు వచ్చి తీతువుకు చెప్పుకుంది.

బుధవారం సాయంత్రం అదే పూరేడు ఏడుస్తూ వచ్చింది. ఏడు గుడ్లకు నాలుగే ఉన్నాయి. నక్క అన్నగారు పాపం పరుగున వచ్చి పరామర్శించారట. ఏదో సైకిలు తొక్కేసి పోయింది, వలయం చిన్నదైపోయింది, పెద్దది గీస్తానని ధైర్యం చెప్పారట.

గేదె నెమరు ఆపింది. అది ఏడాదికి ఒకటి రెండుసార్లు గానీ జరగదు.

"ఇవాళ ఏం వారమే?"

"బుధవారం," అంది పూరేడు.

"సైకిళ్ళు వచ్చేది?"

"ఆదివారం."

గేదె మళ్ళీ నెమరు మొదలుపెట్టింది.

పూరేడు కాసేపు ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత ఏడుపు ఆపి, ముక్కు తుడుచుకుని, ఇంటికి పోవడానికి భయంగా ఉందంది. ఆ పూట నుంచి గేదె పెద్దమ్మ మకాం పూరేడు గడ్డి పక్కకు మారింది. గేదె అడ్డంగా పడుకున్న చోటుకు నక్క రాదు. అది నీతి కాదు, బరువు.

మరి తీతువు సంగతి? నక్కతో తగవు పెట్టుకుంటే లాభం లేదు. గుడ్లు తూము చుట్టుపక్కలే ఉన్నాయని ఈపాటికి పసిగట్టే ఉంటుంది. వాసన పట్టుకుంటూ ఒక పూట తిరిగితే దొరుకుతాయి. పైగా నక్కను తరిమినంత మాత్రాన ఆదివారం సైకిళ్ళు ఆగవు. దొంగకు తాళం చూపిస్తే పగలగొడతాడు, తలుపే మరోచోట చూపించాలి. తీతువు మూడు రోజులు ఇదే ఆలోచించింది. దానికి వచ్చిన విద్య ఒక్కటే, అరవడం. ఉన్న ఒక్క కాసునే అటూ ఇటూ తిప్పి చూసుకున్నట్టు, ఆ అరుపునే తిప్పి చూసుకుంది.

శనివారం పొద్దువాలుతుండగా నక్క డబ్బాతో వచ్చింది. గుడ్లెక్కడని అడిగింది.

"నోటితో చెప్పడం మా పిట్టల్లో ఆనవాయితీ లేదన్నా," అంది తీతువు. "మీరు గీసుకుంటూ రండి. నా అరుపును బట్టి మీకే తెలుస్తుంది."

నక్క లోపల నవ్వుకుంది. తీతువు ఎక్కడ గట్టిగా అరిస్తే అక్కడే గుడ్లుంటాయని మెట్టలో ప్రతి నక్కకూ తల్లి చెబుతుంది. ఆ తల్లులకెవరు చెప్పారో ఎవరూ అడగలేదు.

ఇక్కడ దారి కొంచెం గుర్తుపెట్టుకోండి. తూము దగ్గర పెద్దగట్టు నుంచి ఒక బాట కిందికి దిగుతుంది. గేదెలు నీళ్ళకు పోయే బాట. అది నీటి అంచునే కొంతదూరం పోయి, అవతలి తూము దగ్గర మళ్ళీ గట్టెక్కుతుంది. ఆ అంచు పొడుగునా గుర్రపుడెక్క ఉంటుంది. నీళ్ళ మీద తేలే మొక్క అది. దట్టంగా అల్లుకుంటే పచ్చిక మైదానమే అనిపిస్తుంది. కింద నీళ్ళు, నీళ్ళ కింద బురద. ఈ సంగతి అక్కడ పాలు మరవని దూడకు కూడా తెలుసు. మెట్టవాళ్ళకు తెలియదు.

నక్క తూము దగ్గర డబ్బా దించి, ముందు గట్టు మీదే నేరుగా నాలుగడుగులు వేసింది. ఇంకో నాలుగు వేసింది. గుడ్లకూ దాని ముంగాలికీ మధ్య రెండే అడుగులున్నాయి. తీతువు నక్క వైపు చూడకుండా ఒక పురుగును ఏరుకుని, నిదానంగా తింది. పురుగు రుచి దానికి తెలియలేదు.

ఇటేమీ లేనట్టుందని నక్క వెనక్కి తిరిగింది. డబ్బా అందుకుని కిందిబాట మీద ఒక అడుగు వేసింది. తీతువు ఒక్క కూత కూసింది. నక్క అక్కడ బాణం వేసింది. ఇంకొంచెం దిగింది. తీతువు లేచి నెత్తిన తిరిగింది. ఇంకో బాణం. గుర్రపుడెక్క అంచుకు వచ్చేసరికి తీతువు కొంప మునిగినట్టు అరుస్తూ, రెక్క విరిగినదానిలా ఆ పచ్చదనం మీద పడి కొట్టుకుంది. నక్క నోట్లో ఊరిన నీళ్ళు మింగి, మొన అటే తిప్పి ఆఖరి బాణం వేసింది. అప్పుడే గట్టు మీది నుంచి గేదె చూస్తుండటం గమనించింది.

"వలయం రేపు తెల్లారేసరికి వచ్చి గీస్తాను చెల్లెమ్మా. ఈ వెలుతురులో గుండ్రంగా రాదు," అని మర్యాదగా సెలవు తీసుకుంది.

అన్న మాట ప్రకారం తెల్లారేసరికి వచ్చింది. డబ్బా తేలేదు. తీతువు అప్పటికే గుర్రపుడెక్క మీద గగ్గోలు పెడుతోంది. నక్క ఆ అరుపు కిందికే నడిచింది. మొదటి అడుగు ఆగింది. రెండో అడుగు కొంచెం ఊగింది. మూడో అడుగుకు నేల ఇక నటించడం మానేసింది.

మెడ దాకా దిగబడ్డాక నక్క ఆగింది. తీతువు కూడా అరవడం ఆపి, ఎదురుగా ఒక ఆకు మీద వాలింది.

"గుడ్లెక్కడ చెల్లెమ్మా?" అని అడిగింది నక్క. ఆ స్థితిలో కూడా దానికి ఆ అనుమానమే మిగిలింది.

"అరవని చోట అన్నా," అంది తీతువు.

నక్క చూడగలిగినంత దూరం చూసింది. కొంగలమడుగు చుట్టూ అరవని చోట్లు చాలా ఉన్నాయి.

బాట మీద నిలబడిన గేదెను చూసి, అత్తా కాస్త తోక అందించమని వేడుకుంది. గేదె నెమరులో ఉంది. అది పూర్తయ్యాక చూద్దామంది. "ఈలోగా మీ సంఘాన్ని పిలుచుకోవయ్యా," అని దారి కూడా చెప్పింది. నక్క ఎవరిని పిలుస్తుంది? సభ్యులింకా చేరలేదు కదా.

గేదె నెమరు సగంలో ఉండగానే గంటలు వినిపించాయి. ఇరవై సైకిళ్ళు తూము దగ్గరకొచ్చి, సున్నపు బాణం చూసి, పెద్దగట్టు వదిలి కిందిబాటలోకి తిరిగాయి. ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఆఖరి బాణం దగ్గర ఇరవై బ్రేకులూ ఒకేసారి పడ్డాయి.

అందరికన్నా ముందున్న మీసాలాయన టోపీ తీశాడు. పొద్దున్నే నక్క ముఖం చూశాం, ఈ వారం మనకు తిరుగు లేదన్నాడు. తోక కూడా దొరికితే తొక్కి పోదామని వెనకెవరో అన్నారు. ఇరవై మందీ నక్క కూడా పడేలా ఫొటోలు తీసుకున్నారు. తర్వాత మీసాలాయన సంచిలోంచి సైకిలు ట్యూబు తీసి నక్క మెడకూ ముంగాళ్ళకూ కలిపి తగిలించాడు. నలుగురు పట్టి లాగితే అది ఒడ్డున పడింది. మధ్యలో ఈ తీతువొకటి అపశకునంలా అని ఆయన విసుక్కున్నాడు. తీతువు ఏమీ అనుకోలేదు. అదృష్టం ఎవరిదో శకునం ఎవరిదో అప్పగింతలు జరిగిపోయాయి కదా.

నక్క నెత్తిన గుర్రపుడెక్క ఆకుతోనే మెట్ట దారి పట్టింది. సైకిళ్ళు నీటి అంచునే పోయి అవతలి తూము దగ్గర గట్టెక్కాయి. పై ఆదివారానికి వానకు సున్నం కొట్టుకుపోయింది. అయినా అదృష్టం మళ్ళీ కనబడుతుందేమోనని వాళ్ళు కిందిబాటకే తిరిగారు. ఇప్పటికీ అటే తిరుగుతారు. వాళ్ళ ఫోన్లలో దాని పేరు 'నక్క మలుపు'. చూశావా హిమజా, ఆ గీత ఎవరు గీశారో?

గుడ్లా? మంగళవారం నాలుగూ పిల్లలయ్యాయి. ఆ పూటే తల్లి వెంట గట్టు దిగి నడిచాయి. పూరేడు నాలుగు గుడ్లు కూడా దక్కాయి. పెద్దమ్మ పడుకున్న చోట గడ్డి మాత్రం ఇంకా లేవలేదు.

నీతి ఏమిటంటే, దారి చూపిస్తానన్నవాడు ముందుగా నీ ఇల్లెక్కడని అడిగితే, వాడికి కావలసింది దారి కాదు.

ఇక లేవండి. మేడ మీద గుమ్మడి వడియాలు సగమే తిరగేసి వచ్చాను. పొద్దుటి నుంచీ పిట్టగోడ మీద కాకి ఒకటే అరుస్తోంది కదా, కాసేపటిగా వినబడటం లేదు.