మద్దెలకి దొరికిన ముద్ద

అనగా అనగా, ఏటి అవతల ఒక ఊరు. ఆ ఊళ్ళో సోమన్న అని, రాజుగారి కొలువులో మద్దెల వాయించేవాడు ఉండేవాడర్రా. ఆయన పెళ్ళాం గున్నమ్మ, కోడలు పేరిందేవి. కొడుకూ ఉన్నాడనుకోండి, నోట్లో నాలుక లేనివాడు, వాడి సంగతి మనకెందుకు!

ఆ గున్నమ్మ ఉందే, మహా పిసినారి. ఇంటిల్లిపాదీ తిన్నాక గిన్నె అడుగున మాడు మిగిలితే అదే కోడలికి అన్నం. మిగలకపోతే మంచినీళ్ళు. నాకైతే ఆవిణ్ణి తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది. ఊ కొడుతున్నారా, అప్పుడే కునుకు తీస్తున్నారా?

సరే. సోమన్న మద్దెలకి ఏదో రోగం పట్టుకుంది. ఎడంచేత్తో కొడితే గంభీరంగా పలకాలా, ఉత్త టంగు టంగు! మద్దెల టంగుమంటే పాట తప్పే, పాట తప్పితే ఆట తప్పే, ఆట తప్పితే గజ్జె తెగే, గజ్జె తెగితే రాజుగారికి కోపం వచ్చే. రేపు కూడా ఇలాగే పలికితే మూటాముల్లె సర్దుకుని ఊరు వదిలి పొమ్మన్నాడు. పాపం సోమన్న తోలు మార్చాడు, వార్లు బిగించాడు, ఎండలో పెట్టాడు. అయినా టంగే.

మర్నాడు పొద్దున్నే అత్తగారు నీళ్ళకెళ్ళింది. ఆకలికి పేరిందేవికి కళ్ళు తిరుగుతున్నాయి. ఒక్క రొట్టె కాల్చుకుందామని గుప్పెడు రవ్వ తడిపి ముద్ద చేసింది. చేసిందో లేదో, గుమ్మంలో అత్తగారి బిందె చప్పుడు! ఎక్కడ దాచను, ఎక్కడ దాచను? ఉట్టి మీద పెడదామంటే అందదు, కుండలో వేద్దామంటే మూత రాదు, కొంగున కడదామంటే తడిసిపోతుంది. గోడకి మద్దెల ఆనించి ఉంది. దాని ఎడమ మూతికి ముద్ద చప్పున అద్దేసి, ఆ వైపు గోడకి తిప్పేసింది పిచ్చిపిల్ల.

తర్వాత తీసేద్దాం అనుకుంది. ఈలోగా మావగారు హడావిడిగా వచ్చి, చూసుకోకుండానే మద్దెల భుజాన వేసుకుని కోటకి బయల్దేరాడు. వెనకాలే ఇంటిల్లిపాదీ. చెబితే అత్త చంపేస్తుంది, చెప్పకపోతే ఉన్న ఊరు పోతుంది.

ఆట మొదలైంది. సోమన్న ఎడంచేత్తో కొట్టాడు. చేతికేదో తడి తగిలింది, రాజుగారి ముందు ఆపేదెలా, ఇంకేం చేస్తాడు?

ధోం!

మబ్బు ఉరిమినట్టు పలికిందర్రా! మద్దెల ధోమ్మంటే పాట కుదిరె, పాట కుదిరితే ఆట కుదిరె, ఆట కుదిరితే గజ్జె నవ్వె, గజ్జె నవ్వితే రాజుగారూ నవ్వె. అమ్మయ్య! పేరిందేవికి అప్పటిగ్గానీ ఊపిరి ఆడలేదు.

ఇందులో కిటుకేమిటని రాజుగారు అడిగాడు. సోమన్న మద్దెల తిప్పి చూస్తే ఏముంది, రవ్వముద్ద! నా ఇంట్లో రవ్వ ఎవరు దొంగిలించారని గున్నమ్మ గయ్యిమంది. పేరిందేవి ముందుకొచ్చి తలొంచుకుంది.

"ఆకలేసింది మావయ్యా" అంది, అంతే.

సభంతా గొల్లుమంది. సోమన్న మాత్రం నవ్వలేదు. పెళ్ళాం వైపు తిరిగి, "ఏమే, మన ఇంట్లో మద్దెలకి దొరికిన ముద్ద కోడలికి దొరకలేదుటే?" అన్నాడు. ఆ మధ్యాహ్నం గున్నమ్మ సిగ్గుపడి మొదటి విస్తరి కోడలికే వేసి, కొసరి కొసరి తనే వడ్డించింది. పేరిందేవి కడుపు నిండా తిని, ఏళ్ళ తర్వాత హాయిగా నిద్రపోయింది.

మద్దెల ఎడమ మూతికి రవ్వముద్ద అద్దడం అలా వచ్చిందిట. మీరు మాత్రం ఆకలేస్తే అడిగి తినండర్రా. మీ ఇంట్లో ఎవరూ దాచుకుని తినే గతి పట్టనివ్వకండి. కథేమో కంచి దారి పట్టింది, మీరింక దుప్పట్లోకి దూరండి.